పిల్లల గదికి పిల్లలు కావాలి

ఢాకా శివార్లలోని కుట్టు ఫ్యాక్టరీలో, భోజనాల వేళ, లైన్ సూపర్‌వైజర్ ఒక మెషీను దగ్గర ఆగాడు. దాని మీద కుట్టే ఆమె అన్నం డబ్బా మూస్తోంది.

“రేపు విదేశీ బయ్యర్లొస్తున్నారు. పిల్లల గది తాళం తీయించి, బొమ్మలన్నీ తుడిపించాం. నీ కూతుర్ని తీసుకురా.”

“అది రంగ్‌పూర్‌లో మా అమ్మ దగ్గరుంది భాయ్. ఆ గది తెరవమని నేను బతిమాలితే, పిల్లని ఊరికి పంపెయ్యమన్నది మీరేగా.”

“అప్పటి మాటలు ఇప్పుడెందుకు? రాత్రి బస్సుకి రప్పించు. ఛార్జీలు కంపెనీవే.”

“వద్దు భాయ్, పక్కింటి పిల్లని తెస్తాలెండి.”

“సొంత పిల్ల ఉండగా అరువు పిల్ల దేనికి? దొరల ముందు తల్లీబిడ్డా ముచ్చటగా కనపడాలి.”

“అందుకే చెప్తున్నా. పక్కింటిదైతే ఎత్తుకోగానే నవ్వుతుంది. నా కూతురు పోయిన ఈద్‌కి నన్ను చూసి జడుసుకుని, మా అమ్మ వెనక దాక్కుంది.”