గాలికి పడిన గడియ

మధ్యాహ్నం వేళ. ఇంటర్నెట్‌లో తప్ప భూమ్మీద ఎక్కడా లేని ఒక చిన్న దేశపు కోర్టుకి ఒక ముసలామె ఫోను చేసింది. ఎత్తినవాడు కోర్టు గుమాస్తా.

"అలా కాదమ్మా. ముందు మీరు ఎవరి మీద కేసు వేస్తున్నారో చెప్పాలి."

"మనిషి మీద కాదు నాయనా. మాట మీద."

"మాట మీదా?"

"మీ దేశ చరిత్ర అని ఒకటి రాసి పెట్టుకున్నారు కదా, అందులో ఒక మాట. అది తప్పు. తీసేయాలి."

"అమ్మా, ఇది ఉత్తుత్తి దేశం అనుకుంటున్నారేమో. మాకు జెండా ఉంది, రాజ్యాంగం ఉంది, మంత్రులు—"

"నేలెంత?"

"నేలంటే... గొడుగు నీడంత. మా వ్యవస్థాపకురాలు చిన్నప్పుడు డాబా మీద గొడుగు కింద కూర్చుని పెట్టిన దేశం. అందుకే గొడుగు దేశం అన్నారు. మిగతాదంతా ఇంటర్నెట్‌లోనే. పౌరులు మాత్రం ఊళ్ళూళ్ళా ఉన్నారు."

"ఆ దేశం పని లేనప్పుడు నువ్వేం చేస్తుంటావు?"

"బస్సు డిపోలో టికెట్ల కౌంటరు. భోజనాల టైములో కోర్టు చూస్తాను."

"తిన్నావా మరి?"

"తింటాను లెండి. మీ కేసు—"

"తింటూనే మాట్లాడు. నేనేం అనుకోను. నేనూ మిషను తొక్కుతూనే మాట్లాడుతున్నా. సాయంత్రానికి లంగాలు ఇచ్చేయాలి."

"ఆ చప్పుడు అదా! నేనింకా లైను బాలేదేమో అనుకుంటున్నా. సరే. కేసు వేయాలంటే మా పౌరులై ఉండాలమ్మా. దానికి చరిత్ర మీద పరీక్ష ఉంటుంది. కష్టం."

"రాశా. పాసయ్యా."

"మీరా?"

"ఏం, ముసలిదాన్ననా? పక్కింటి టీచరమ్మ చదివి వినిపించింది, నేను జవాబు చెప్పా, ఆవిడ నొక్కింది. ఒక్కటీ తప్పలేదు."

"అవును, ఇదిగో కనిపిస్తోంది. అన్నీ రైటే! నాకే రెండు పోయాయి. మరి అన్నీ సరిగ్గా చెప్పి చరిత్ర తప్పంటారేంటమ్మా?"

"ఆఖరి ప్రశ్న గుర్తుందా నీకు?"

"ఎందుకు లేదు? వ్యవస్థాపకురాలు దేశం విడిచి వెళ్ళిన రోజు తలుపు వేసుకున్నది ఎవరు? జవాబు, పాత రాణి. మా వాళ్ళందరికీ అది నోటికొచ్చు. పాపం, పదేళ్ళ పిల్ల బండిలో కూర్చుని వెనక్కి తిరిగి చూస్తే తలుపు మూసి ఉంది. రాణి బయటికే రాలేదు. చెయ్యయినా ఊపలేదు. ఏటా ఆ రోజున మేము—"

"ఏం చేస్తారు?"

"ఏం లేదు లెండి. అందరం కలిసి పాత రాణిని తిట్టుకుంటాం. సరదాకి."

"బాగా తిడతారా?"

"బాగానే. గుండె కాదు బండరాయి అనీ, అదనీ ఇదనీ. అమ్మా? ఉన్నారా? మిషను ఆగిపోయింది."

"దారం తెగింది. ఎక్కిస్తున్నా. నువ్వు చెప్పు."

"మీరే చెప్పాలి. ఆ జవాబు తప్పని తెలిసి కూడా అదే ఎందుకు చెప్పారు?"

"మిగతావి పోయినా ఆ ఒక్కటి చెప్పకపోతే లోపలికి రానివ్వరుగా. పాత రాణే తలుపేసుకుందని నా నోటితోనే చెప్పా. టీచరమ్మ నొక్కనంది. నీకెందుకమ్మా, నొక్కు అన్నా. చివరికి ఆవిడ వేలు పట్టుకుని నేనే నొక్కించా."

"ఆవిడెందుకు నొక్కనన్నారు?"

"మీ జెండా ఏ గుడ్డ నాయనా?"

"జెండాకీ దీనికీ... ఏదో పచ్చ పూల గుడ్డ. ఒక పక్క కుట్టు వంకరగా ఉంటుంది. ఆ వంకర ఎవరూ సరిచేయకూడదని రాజ్యాంగంలోనే ఉంది."

"వంకర నాది కాదు. దానిది. మూడు పక్కలు నేను కుట్టా. నాలుగోది నేను కుడతా నానమ్మా అని పేచీ పెట్టి వొళ్ళోకెక్కి కూర్చుంది. కాలు అందదు. తొక్కింది నేను, గుడ్డ తోసింది అది."

"అమ్మా."

"ఊఁ."

"పాత రాణి మీరా?"

"రాణి అని పేరు పెట్టింది కూడా అదే. మంచి రోజుల్లో. గొడుగు కింద కూర్చోబెట్టి, గుండీల డబ్బా మూత నెత్తిన పెట్టి, ఇదే కిరీటం, కదిలావంటే పడిపోతుంది అంది. కదలకుండా కూర్చున్నా, మెడ పట్టేసేదాకా."

"నేను... ఆ తిట్లు... నాకు తెలీదమ్మా."

"నీకెలా తెలుస్తుంది? తినడం మానేశావా? తిను."

"ఆ రోజు ఏం జరిగింది?"

"మా అబ్బాయి పోయాక కోడలు వేరే ఊరు వెళ్ళిపోతానంది. వెళ్ళనీ, చిన్న వయసు, తనకీ ఒక బతుకుంది. పిల్లని ఉంచమన్నా. ఏ తల్లి ఉంచుతుంది? నాకు తెలుసు, అయినా అడిగా. నేను పిల్లని పట్టుకుంటే ఇక బండి కదలదని వాళ్ళకీ తెలుసు. మాది ఒకటే గది. లోపల దాని గౌన్లు మడత పెడుతున్నా. తలుపు పడింది. లాగితే రాదు. కొట్టా. అరిచా. బండి వెళ్ళిన చప్పుడు వినపడింది. ఆ తర్వాత కూడా కొడుతూనే ఉన్నా. జాకెట్టు కోసం వచ్చినావిడ గడియ తీసింది."

"అంటే మీరు వేసుకోలేదు! బయట నుంచి గడియ పెట్టారు!"

"ఊఁ."

"ఎవరు?"

"గాలికి పడింది."

"తలుపంటే గాలికి పడుతుంది. గడియ పడదమ్మా."

"మా ఇంటి గడియ పడుతుంది. వదులుగా ఉండేది."

"మీ కోడలు గారే కదా? రాసుకుంటున్నాను."

"రాయకు! ఎవరి పేరూ రాయకు. నీకు పుణ్యముంటుంది."

"కేసన్నాక ముద్దాయి ఉండాలి కదమ్మా."

"గాలి అని రాసుకో."

"అసలు మీకేం కావాలి?"

"పాత రాణి వేసుకుంది అన్న మాట కొట్టేసి, గాలికి పడింది అని రాయండి. అంతే. అది అలా ఉన్నంతకాలం నా మనవరాలు, మా ఉడత, నా గడప తొక్కదు. ఉత్తరాలు రాయించా, తిరిగొచ్చాయి. ఫోను చేస్తే ఎత్తదు. పెద్దదై తన సంపాదన తనకి వచ్చాక కూడా రాలేదు. ఇక్కడ జడ్జి అదేనటగా? కేసు వేస్తే వినాలిగా? ఏం, వినదా?"

"వినాలి. తప్పదు. ఉండండి, లైన్లోకి పిలుస్తాను. కౌంటరు ముందు జనం మూగుతున్నారు... మూగనీ. న్యాయమూర్తి గారూ, ఒక కేసు వచ్చిందండి. వేసినావిడ లైన్లోనే ఉన్నారు."

"వింటున్నాను. చెప్పండి."

"ఉడతా!"

"అమ్మా, న్యాయమూర్తి గారిని అలా పిలవకూడదు."

"గొంతు ఎంత మారిపోయింది! జలుబు చేసిందా తల్లీ? వేడినీళ్ళు తాగుతున్నావా?"

"గుమాస్తా గారూ... కేసేంటి?"

"మన చరిత్రలో తప్పుందంటున్నారండి. పాత రాణి తలుపు వేసుకోలేదట. బయట గడియ పడిందట. గాలికి."

"గాలికా?"

"గాలికే తల్లీ. ఆ రోజు ఎంత గాలో! నువ్వు చిన్నపిల్లవి, నీకు గుర్తుండదు. ఎవరి తప్పూ లేదు. అలాగని రాసేసి, ఒక్కసారి వచ్చి కనిపించి పో. కూర్చోకపోయినా ఫర్లేదు. గుమ్మంలో నిలబడి వెళ్ళిపో."

"ఈ కేసు నేను వినకూడదు, గుమాస్తా గారూ."

"మీరు కాకపోతే ఇంకెవరండీ? దేశం మొత్తానికి ఉన్నది మీరొక్కరే. మీ నానమ్మ గారనా?"

"నానమ్మనని రాయకులే నాయనా. ఎవరో మిషను కుట్టుకునే ముసలిదని రాయి. విను తల్లీ. వినకుండా పెట్టేయకు."

"గాలి కాదు నానమ్మా. ఆ గడియ తలుపుకి పైన ఉండేది. నీ మిషను స్టూలు బయటికి తెచ్చుకుని ఎక్కితే గానీ నాకు అందలేదు."