ఆదెమ్మ రేవు బండ

చాకిరేవు ఆదెమ్మ అనేవాళ్ళంట ఆమెని. రేవేదీ అంటే లేదు, పేరొక్కటే మిగిలింది. అప్పట్లో మన ఊరి మధ్యనే తుమ్మలవాగు పారేదమ్మా, అందులో ఆదెమ్మ వాళ్ళమ్మ నాటి నుంచీ వాళ్ళ బండొకటి ఉండేది, బట్టలుతికేది. తర్వాత ఏమైందంటే, ఊరు పట్నమయింది. చెత్తంతా తెచ్చి వాగులో పోశారు, కంపు భరించలేక మట్టేసి పూడ్చారు, మట్టి మీద ఇళ్ళు కట్టారు. మనమే పోశాం, మనమే పూడ్చాం, ఎవర్నని ఏం లాభం?

ఇట్లా ఉండగా ఆదెమ్మ మనవరాలు శేషు నీళ్ళాడింది. ఇరవై ఒకటో రోజున బాలింత నీళ్ళకి పసుపు కుంకుమ పెట్టి చెంబు నింపుకోవాల గదా. కుళాయికి పెడదాంలే అమ్మమ్మా అందంట శేషు. ఆదెమ్మ ఒప్పుకోలా. మా అమ్మ ఆ బండ కాడే పెట్టింది, నేనూ పెట్టా, మీ అమ్మా పెట్టింది, నీ కాడ ఆగిపోతే నేను కళ్ళెట్లా మూసుకునేది అని కర్ర పుచ్చుకుని బయల్దేరింది. బిడ్డనెత్తుకుని శేషు వెనకాలే. పాత రైలుగేటు కాణ్ణించి అడుగులు లెక్కేసుకుంటా, ఇక్కడ దిగుడు, ఇక్కడ వంపు అనుకుంటా పోయి పోయి, సరిగ్గా పానకాలు ఇంటి ముందు ఆగిందనుకో.

ఈ పానకాలు బస్సు డ్రైవరు చేసి దిగిపోయినాయన. బతుకంతా సంపాదించింది ఆ ఇంటికే పోశాడు. ఇక్కడ వాగుండేదని ఎవరన్నా అంటే పోట్లాటకొచ్చేవాడంట. భయం ఆయనకి, వాగుందని తేలితే ఇల్లు కూలగొడతారని. ఇక్కడ వాగూ లేదు, బండా లేదు, వెళ్ళమ్మా వెళ్ళు అన్నాడు.

ఆదెమ్మ కదల్లా. లోపలికి తొంగి చూసి, "నాయనా, ఆ బీరువా ఉన్న మూల చెమ్మ ఊరుద్ది గదా? మా బండకి తగిలి నీళ్ళు అక్కడే మళ్ళుకునేయి," అందంట.

పానకాలు తిరిగి బీరువా వంక చూశాడు. మేస్త్రీని తిట్టి తిట్టి మూడుసార్లు టైల్సు మార్పించి, ఇంక కాదని ఆ చెమ్మకి బీరువా అడ్డం పెట్టిందే ఆయన. "నీ ఇల్లు నాకెందుకు నాయనా. చెంబెడు నీళ్ళు చాలు," అంది ఆదెమ్మ. ఆయన భార్య పోయి బీరువా ఒక పక్క పట్టుకుందంట. ఇంకేం చేస్తాడు, రెండో పక్క ఈయన పట్టుకున్నాడు. టైలు పెకలించి గునపంతో మోకాటి లోతు తవ్వితే బండ తగిలింది, అరిగి అరిగి నున్నగా. ఆదెమ్మ దాన్ని తడుముకుంటా ఏడ్చింది. చుట్టూ నల్లటి నీళ్ళు ఊరినయ్యి, కంపే మరి. అయినా శేషు ముక్కు మూసుకోలేదంట. పసుపేసి, కుంకుమేసి, చెంబు ముంచింది.

ఆ గుంత మళ్ళీ పూడ్చలేదు పానకాలు. చెక్కమూత పెట్టాడు. ఇప్పుడు పేటలో బాలింతలంతా ఆయన ముందుగదిలోకే. మొన్న మా కోడల్ని తీసుకుని నేనూ పోయా. ఏం పానకాలన్నా, ఇక్కడ వాగుండేదంటగా అని అడిగా. వాగా, నీకెవరు చెప్పారమ్మా అంటానే మూత తీసి పక్కనబెట్టి, పసుపు డబ్బా మా కోడలి చేతికిచ్చాడు.