వంద దాటని అడుగులు

ఆస్ట్రేలియాలో విల్కానియా అనే చిన్న ఊరికి అవతల గొర్రెల ఫారంలో ఒంటరిగా ఉండే ముసలాయనకు అడిలైడ్ ఆసుపత్రి నుంచి ఫిజియో ఫోన్ చేసింది. ఆపరేషన్‌లో ఆయన మోకాలిలో అమర్చిన సెన్సర్, రోజూ ఎన్ని అడుగులు వేశాడో ఆమెకు తెలియజేస్తుంది.

"హాలొరన్ గారూ, సోమవారం నుంచి మీ అడుగులు వంద దాటలేదు. నొప్పా?"

"లేదమ్మాయ్. మోకాలు భేషుగ్గా ఉంది."

"వాచిందా?"

"లేదన్నానుగా!"

"మరి పోయిన వారం రోజుకు రెండు వేలు నడిచారే?"

"అప్పుడు రఫస్‌ గాడుండేవాడు. పొద్దున్నే నన్ను గేటు దాకా లాక్కెళ్ళేవాడు."

"మీ కుక్కా? ఏమైంది?"

"ఆదివారం పాము కరిచింది. గేటు దగ్గరే పూడ్చాను."

"అయ్యో... నాకు తెలియలేదండీ."

"నీకెలా తెలుస్తుందిలే. సెన్సరుంది మోకాల్లోనేగా."

"ఫోన్ పట్టుకుని గేటు దాకా నడుస్తారా? నేను లైన్లోనే ఉంటాను."

"అంత దూరం సిగ్నల్ అందదమ్మాయ్."

"పోనీ, అందినంత దూరమే నడుద్దాం."

"...ఉండు. బూట్లు వేసుకోనీ."