ఎర్ర క్లోవర్ చేలో నలభై గొర్రెలు

అధ్యక్షులు ఫాదర్ మల్లన్ గారికి, పెద్దలకు, బూట్ల బురదతోనే వచ్చిన మిత్రులకు నమస్కారం.

ఈ ఉదయం మన సహకార సంఘం విత్తనాల గదిలో మన పంటల సలహాదారు ఫింటన్ స్కాహిల్ గారి టీ కప్పు కడిగి బోర్లించి ఉంది. ముప్పై ఏళ్లలో దాన్ని ఎవరైనా కడగడం ఇదే మొదటిసారి. (నవ్వులు) ఆయన నిజంగానే పదవీ విరమణ చేస్తున్నారని అప్పుడు నమ్మాను. గట్టిగా మాట్లాడటం కాన్వెంటులో సిస్టర్లు నాకు నేర్పలేదు. వెనక వరుసవాళ్లు కాస్త ముందుకు జరగండి.

ఈ రాస్‌కామన్ నేలలో మీ చేత ఎర్ర క్లోవర్ పశుగ్రాసం వేయించింది ఆయనే. యూరియా బస్తా లేకుండా ఏడాదికి మూడు కోతలంటే మీరు నవ్వారు. తర్వాత మీ ఆవులే మీకు నచ్చజెప్పాయి. కోత అయ్యాక ఆయన వంగి, మోడు పక్కన నాలుగు వేళ్లు ఆనించి చూసేవారు. మోడు అంతకంటే పొట్టిగా ఉంటే మొక్క మళ్లీ చిగురించదని, ఆ రైతు ఇంట్లో పెట్టిన కేకు ముట్టేవారు కాదు.

("మా ఆవిడ కేకు పరువు పోతుందనే కదమ్మాయ్, నేను కోత యంత్రం బ్లేడు పైకెత్తించుకుంది!" అని వెనక నుంచి టర్లక్ గారు. నవ్వులు)

ఇక మీరు ఎదురుచూస్తున్న గొర్రెల సంగతి. తొమ్మిదేళ్ల కిందట మా నాన్న మలాకీ కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. పొట్టేలును మందలోకి వదలడానికి ముందు నెలంతా మా నలభై గొర్రెలూ ఎర్ర క్లోవర్ చేలోనే మేశాయి. చూలు కట్టాల్సిన గొర్రెలకు ఆ మేత పడదు. వసంతంలో పదకొండే ఈనాయి. గొర్రెలను ఆ చేలోకి తోలొద్దని చెప్పడం మరిచిపోయిన పెద్దమనిషని ఫింటన్ గారికి పేరొచ్చింది. సంతలో, చర్చి మెట్ల మీద, ఇందాక భోజనాల దగ్గర కూడా, "ఏం ఫింటన్, ఈ పూటైనా గొర్రెలు గుర్తున్నాయా?" అన్నారు. ఆయన చెవి గోక్కుని నవ్వి ఊరుకున్నారు. నాన్న మాత్రం నవ్వలేదు, ఆయనతో మాట్లాడటమే మానేశాడు. ఇవాళ నేను బతిమాలితే వచ్చి మూడో వరుసలో కూర్చున్నాడు.

రేపటి నుంచి ఫింటన్ గారి కుర్చీ నాది. ఈ నింద ఆ కుర్చీని అంటుకుని ఉండకూడదు.

ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఫింటన్ గారూ, ఆ కప్పు ఇక నేనూ కడగను. సెలవు తీసుకుంటూ, నాన్నా, ఈ చివరి మాట నీకు. నువ్వు ఆసుపత్రిలో ఉండగా ఆయన మన ఇంటికి వచ్చారు. గుమ్మంలో నిలబడి గొర్రెల సంగతి రెండుసార్లు చెప్పారు. నేను నవల పేజీ నుంచి తల ఎత్తకుండానే సరేనన్నాను.