పండగలోకి జారిన రోజా

సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఒక అద్దె ఇల్లు, మధ్యాహ్నం. రంజాన్ ఉపవాసాల లెక్క రాసుకునే ఫోన్ యాప్ తయారుచేసిన బాబావలి కంప్యూటర్ ముందున్నాడు. భార్య సురయ్యా గుమ్మంలో నిలబడింది.

“ఏండ్లుగా నాకో అనుమానం. అల్లా రాసుకునే లెక్క ఒకటి, మనుషులు రాసుకునే లెక్క ఒకటి. రెండూ కలవకపోతే నేను దేన్ని నమ్మాల?”

“మళ్లీ మొదలుపెట్టినావా సురయ్యా. యాప్‌ను నమ్ము.”

“నీ యాప్ ఏం చెప్తాంది? జ్వరమొచ్చి వదిలేసిన రోజాకి బదులు రోజా నేను పండగ నాడు ఉన్న్యానంట. పండగ నాడు ఉపవాసం హరామ్. అంత తెలీనిదాన్నా?”

“అది చెల్లదు. అందుకే ఈ పొద్దు మళ్లీ ఉండమన్న్యా.”

“పండగ నాడు ఇద్దరం ఒకే గిన్నెలో షీర్‌ఖుర్మా తాగినాం. జీడిపప్పులన్నీ నువ్వే ఏరుకున్న్యావు. నేను రోజా ఉన్నింది ఆ మర్నాడు.”

“తప్పు తేదీ నొక్కింటావు.”

“పక్కింటి ఆసిఫా కూడా తప్పే నొక్కిందా? నీ స్నేహితుడు అబ్దుల్ ఘనీ భార్య కూడా? అందరికీ ఒకరోజు ముందే చూపిస్తాంది.”

“ఆడోళ్లంతా కూడి నామీద పంచాయితీ పెట్టినారా?”

“అడిగినదానికి చెప్పు.”

“చెప్పినా నీకు అర్థం కాదు.”

“అర్థమయ్యేటట్టు చెప్పు. చదువుకున్నోడివి కదా.”

“నువ్వు తేదీ నొక్కితే, ఫోన్ దాన్ని ఆ తేదీ మొదలయ్యే అర్ధరాత్రి అనుకుంటాది. దాన్ని అక్షరాల్లోకి మార్చేటప్పుడు లండన్ గడియారం చూస్తాది. ఈడ తేదీ మారినా ఆడ ఇంకా ముందురోజే. అంతే.”

“అంతేనా? నా రోజాను లండన్ గడియారం పండగలోకి నెట్టిందా? ఆ గడియారం చూడమన్నిది ఎవరు?”

“సౌదీ టైం చూడమని రాయాల్సింది. రాయలేదు.”

“ఎవరు రాయలేదు?”

“నన్ను పని చేసుకోనీ.”

“నీకు ఎప్పుడు తెలిసింది?”

“నిన్న.”

“నిన్న తెలిసి, ఈ పొద్దు తెల్లారకముందే నన్ను సహర్ తిండికి లేపినావా?”

“యాప్‌లో ఏ తప్పూ లేదని ఆఫీసులో నాపైన ఉండే ముదీర్‌కి చెప్పినా. ఇప్పుడు తప్పుందంటే ఇకామా రెన్యువల్ ఆపేస్తాడు, ఈ దేశంలో ఉండనీడు. నీకు చెప్తే నువ్వు ఆసిఫాకి చెప్తావు. ఆమె మొగుడు ఆయన డ్రైవరే.”

“అందుకని నన్ను పస్తు పెడతావా? ఈ ఆకలి అల్లా కోసమా, మీ ముదీర్ కోసమా?”

“గొంతు పెంచద్దు.”

“చెప్పు.”

“సరే. తప్పు యాప్‌ది.”

“యాప్‌కి చేతులుండాయా, దానంతటదే రాసుకునేదానికి?”

“నాది. నాదే. ముదీర్‌కి ఫోన్ చేస్తా.”

“ఇప్పుడు.”

“చేస్తాండా… అస్సలాము అలైకుం సార్. యాప్‌లో తేదీలు ఒకరోజు వెనక్కి పోతాండాయి. నేను రాసిందే తప్పు. అవును సార్. నిన్ననే తెలుసు. వస్తా సార్… ఆఫీసుకి రమ్మన్న్యాడు. ఇకామా సంగతి ఆడ చూస్తాడంట. నువ్వు ముందు నీళ్లు తాగు, మొహం వాడిపోయింది. నీ రోజా ఆ పొద్దే చెల్లింది. ఏ బాకీ లేదు నీకు.”

“నాకు తెలుసు. నువ్వు నన్ను లేపి మళ్లీ పడుకున్న్యాక నేను రోజా ఉంటానని మనసులో నీయతే చేసుకోలేదు. పొద్దున్నే రెండు దోసెలు తిని టీ తాగి కూర్చున్న్యా, నన్ను ఎంతసేపు పస్తు పెడతావో చూద్దామని.”