కార్డు వెనుక వైపు చూసిన హైమావతి గారు

1990 జులై 2, సోమవారం నాడు శ్రీమతి హైమావతి గారు నాచారంలోని మన సంస్థలో గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించారు. రికార్డు గదికి పంపడాన్ని నాడూ నేడూ శిక్షగానే భావించే ఈ కార్యాలయంలో, ఆ గది తాళాలను ముప్పై అయిదేళ్ల పాటు ఆమె గౌరవంగా మోశారు. ఆ గౌరవం మనం ఇచ్చింది కాదని ఈ శుభసందర్భంలోనైనా ఒప్పుకోవాలి.

1998లో సీనియర్ సహాయకులుగా, 2009లో రికార్డుల అధికారిగా పదోన్నతి పొందిన ఆమెకు మన వల్ల కలిగిన విసుగు ఇంతా అంతా కాదు. చీటీ రాయకుండా ఫైలు పట్టుకెళ్లి, ఆపై ఆ ఫైలు ఏమైందని ఆమెనే నిలదీసినవారు, వంద కాగితాల కట్టకు "ఇతరములు" అని పేరుపెట్టి చేతులు దులుపుకున్నవారు నేడు ఈ వీడ్కోలు సంచికలో సందేశాలు రాస్తున్నారు. డిజైన్ విభాగపు జీవన్ గారు అడిగితే ఆమె మూడు నెలలు వెతికిన ఫైలు, చివరికి ఆయన బల్ల కుంటికాలి కిందే దొరికింది. ఆమె దాన్ని లాగి, దుమ్ము దులిపి, "బల్ల ఊగితే వడ్రంగిని పిలవండి" అని వెళ్లిపోయారు.

2023లో యాజమాన్యం పాత కాగితాలను స్కాన్ చేయించి, అసలు ప్రతులను వదిలించుకోవాలని నిర్ణయించింది. ఆమె సెలవులో ఉన్న వారంలోనే కార్మికుల సర్వీసు కార్డుల కట్టలు పదకొండు తరలిపోయాయి. తిరిగి వచ్చి, మిగిలిన కార్డులను తెరపైని బొమ్మలతో పోల్చి చూస్తే, స్కాన్ చేసింది ముందు వైపు మాత్రమే. ఎవరు ఏ షెడ్డులో ఎన్నేళ్లు పనిచేశారో రాసి ఉండేది వెనుక వైపున.

మిగిలిన కట్టలను పంపే పత్రంపై సంతకం కోసం పరిపాలనాధికారి జగన్మోహన్ గారు ఆమెను పిలిపించారు.

"మేడం, లారీ గేటుకాడ ఉంది. ఒక్క సంతకానికి గింత సతాయించుడు ఏంది? రిటైరైనోళ్ల కార్డులు ఎవరడుగుతరు?"

"ఎవరైనా అడిగితే మీరే జవాబు చెబుతారని రాసివ్వండి, పెడతాను."

ఆయన రాయలేదు, ఆమె సంతకం పెట్టలేదు. లారీ ఖాళీగా వెళ్లింది. ఆమెకు కాగితాల పిచ్చి అని క్యాంటీన్‌లో నవ్వినవారిలో ఈ వ్యాసకర్త కూడా ఉన్నాడు.

మరుసటి ఏడు మల్లాపూర్ నుంచి, 2011లో విరమణ పొందిన పోశయ్య గారు దగ్గుతూ వచ్చారు. కంప్యూటర్‌లో ఆయన గురించి "హెల్పర్" అన్న ఒక్క మాటే ఉంది.

"ఇనుప సామాను మీద ఇసుక కొట్టే షెడ్డుల తొమ్మిదేండ్లు జేసిన అమ్మా. టీబీ అని రెండుసార్లు మందులు మింగిన, తగ్గలే. గా షెడ్డు సంగతి కాగితం మీద సూపియ్యమంటున్రు దవాఖానాల."

"ఏ సంవత్సరం చేరారు?"

"యాది లేదు. మా పెద్దబిడ్డ పుట్టిన యేడు."

"ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడగండి మరి," అన్నారు ఆమె తల పట్టుకుని.

1984 అని తేలింది. ఆ ఏటి ఆరు కట్టల్లో రెండు అప్పటికే పోయాయి. మిగిలిన నాలుగింటిని నేలపై కూర్చుని తిరగేస్తే మూడో రోజు కార్డు దొరికింది. వెనుక వైపున, ఫోర్‌మన్ సంతకంతో, ఇసుక షెడ్డులో తొమ్మిదేళ్లు. అది చూశాక వైద్యులు మళ్లీ పరీక్షలు చేసి, ఇది క్షయ కాదు, ఇసుక దుమ్ము తెచ్చిన జబ్బని తేల్చారు. పాడైన ఊపిరితిత్తులు బాగుపడవు. కానీ అక్కరలేని మందులు ఆగి, అసలు చికిత్స మొదలైంది.

అభినందించడానికి వచ్చిన జగన్మోహన్ గారిని ఆమె కూర్చోమనలేదు.

"ఆ షెడ్డులో చేసినవాళ్లు మిగిలిన కార్డుల్లో ఇంకా పద్నాలుగు మంది దొరికారు. పోయిన పదకొండు కట్టల్లో ఎంతమంది ఉన్నారో చెప్పండి."

"తప్పు నాదే మేడం," అన్నారు ఆయన. ఆ వారమే వెనుక వైపుల స్కానింగ్‌కు ఆదేశం వెలువడింది. పద్నాలుగు మందికీ ఆమె స్వయంగా ఉత్తరాలు రాశారు. ఆరుగురి నుంచి జవాబులు వచ్చాయి. రెండు జవాబులు భార్యలు రాసినవి.

2025 అక్టోబరు 31న విశ్రాంత జీవనంలో అడుగిడుతున్న హైమావతి గారు, ఉప్పల్‌లోని స్వగృహంలో భర్త ఉమాపతి గారి సాహచర్యంలో, మన పిలుపులు వినబడనంత దూరంగా, కంటినిండా నిద్రపోతూ, గుండెనిండా గాలి పీల్చుకుంటూ ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని ఆమెను విసిగించిన మేమంతా మనసారా కోరుకుంటున్నాం.