రెండంగుళాలు

నందిగామ బస్టాండు, మంగళవారం సాయంత్రం. జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడ్డ సూసన్‌కి, డ్యూటీలో ఉండవలసిన భర్త ఫ్రాన్సిస్ కనిపించాడు.

“ఏవండీ, ఆ స్తంభం చాటున నుంచున్నది మీరే కదా? ఇటు రండి.”

“చాటునా? చాటున ఎందుకుంటా? ఎండగా ఉందని.”

“ఎండ అటుంది. మీరు ఇటున్నారు.”

“అబ్బా, వచ్చా కదా. అయిపోయిందా నీ... అదీ, నీ భుజం ఎక్సర్‌సైజు?”

“అయిపోయింది. మీరు నందిగామలో ఏం చేస్తున్నారు? పొద్దున క్యారేజీ పట్టుకుని ముక్త్యాల బస్సెక్కారుగా.”

“కోర్టులో పనుంది సూసన్.”

“కోర్టులోనా? మనకేం కేసుంది?”

“మనకి కాదు. మా ప్యాకింగ్ సెక్షన్ చంద్రమౌళి లేడూ, ఆయనకి. పొలం గట్టు గొడవ. తోడు రమ్మన్నాడు.”

“ఆహా. ఆయనింకా కోర్టులోనే ఉన్నారా?”

“ఉన్నాడు. వాయిదా పడింది. ఉండమన్నాడు, నేనే వచ్చేశా.”

“చంద్రమౌళి గారు మూడింటికి నాకు ఫోన్ చేశారండి.”

“ఎవరు?”

“చంద్రమౌళి గారే. ఫ్యాక్టరీ నుంచి. మీకు కడుపునొప్పి తగ్గిందా అని అడిగారు. మీ ఫోను ఎంతకీ కలవట్లేదంట.”

“ఛార్జింగ్ లేదు.”

“మరి కడుపునొప్పి?”

“అది... పొద్దున ఉంది. తగ్గింది.”

“నా మొహం చూసి చెప్పండి.”

“నీ మొహం చూడాలంటే ఇప్పుడు నేను తలెత్తాలి.”

“ఏమన్నారు?”

“ఏం లేదు.”

“ఎప్పుడొచ్చారు ఇక్కడికి?”

“రెండున్నరకి.”

“ఇంతసేపు ఎక్కడున్నారు?”

“ఆ క్లినిక్కుకి ఎదురుగా టీకొట్టుంది కదా. అక్కడ.”

“నా వెనకాలే వచ్చారా?”

“వెనకాల రాలా. ముందే వచ్చా.”

“ఎందుకండీ?”

“ఎందుకంటే ఏం చెప్పను? వారానికి రెండుసార్లు. మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి. రెండు నెలల నుంచీ. పేటలో డాక్టర్లు లేరా?”

“పేట డాక్టరు గారే ఇక్కడికి రాసిచ్చారు. భుజం బిగుసుకుపోయింది, మందులతో అవదు, కసరత్తు చేయించాలి అన్నారు. ఆ చీటీ మీరే చదివారు.”

“చదివా. ఆ చీటీలో వాడి వయసు రాయలా.”

“వాడెవరు?”

“కల్యాణ్. కల్యాణ్ గారు. రోజుకి పాతికసార్లు వింటున్నా. కల్యాణ్ గారు మెడ ముందుకి పెట్టొద్దన్నారు. కల్యాణ్ గారు భుజాలు వెనక్కి లాగమన్నారు. కల్యాణ్ గారు ఎత్తు దిండు తీసెయ్యమన్నారు.”

“తీసింది నా దిండు. మీది కాదు.”

“మంచం ఒకటే కదా!”

“గట్టిగా అరవకండి, జనం చూస్తున్నారు.”

“ఆరడుగులుంటాడు.”

“ఉంటే?”

“ఉంటే ఏముంది. ఉన్నాడని చెప్పా. నీ భుజం మీద చెయ్యేశాడు. చూశా.”

“వెయ్యకపోతే ఎలా సరిచేస్తాడండీ? చెయ్యెత్తినప్పుడల్లా భుజం చెవి దాకా లేస్తోంది. లేవకూడదు, కిందే ఉండాలి అని పట్టుకుని చూపించాడు. నా పక్కన ముసలాయనకి అరగంటసేపు కాళ్ళు పట్టాడే, అది చూడలేదా?”

“అది చూళ్ళా.”

“చూడరు. మీకేది కావాలో అదే చూశారు.”

“సరే, బస్సొచ్చింది. ఎక్కు.”

బస్సులో.

“ఆధార్ చూపించమ్మా. ఎక్కడికి, జగ్గయ్యపేటా? ఇదిగో జీరో టికెట్. సారూ, మీరెక్కడికి?”

“పేటకే, కండక్టర్ గారూ. మేమిద్దరం ఒకటే.”

“ఆడవాళ్ళకే ఫ్రీ సార్. ఒకటే అయినా మీరు టికెట్ తీసుకోవాలి.”

“ఫ్రీ అడిగానా నేను? ఒకటే అని చెప్పా. అంతే.”

“ఊరుకోండి మీరు. పైన రాడ్డు పట్టుకోండి, బ్రేకేస్తే పడతారు.”

“సీటు పట్టుకున్నాలే. నువ్వు పట్టుకుంది కుడి చెయ్యితోనేనా?”

“కుడి చెయ్యే.”

“నొప్పి లేదూ?”

“కొంచెం లాగుతోంది. అంతే.”

“సంక్రాంతికి ముందు ఆ చెయ్యి దువ్వెన కూడా లేపలేకపోయింది.”

“అవును. జాకెట్టు వేసుకోవాలంటే ఏడుపొచ్చేది. కుట్టు మెషీను మీద చెయ్యి పెడితే ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా పోటు. మీరుండబట్టి సరిపోయింది.”

“నాలుగు నెలలు నీ జడ నేనే వేశా.”

“వేశారు. వంకరగా వేశారు.”

“మొదట్లో వంకర. తర్వాత బాగానే కుదిరింది. చర్చిలో మార్తమ్మ గారు అడగలా, ఎవరేశారని?”

“అడిగింది.”

“పోయిన నెల ఒకరోజు పొద్దున దువ్వెన పట్టుకుని వచ్చా. అప్పటికే నువ్వు వేసేసుకున్నావ్.”

“సంతోషిస్తారనుకున్నా.”

“సంతోషించా. దువ్వెన అద్దం దగ్గర పెట్టి బయటికెళ్ళిపోయా. నువ్వు గోడకి నుంచున్నావ్, మడమలు, వీపు, తల అన్నీ ఆనించి, చేతులు పైకీ కిందకీ. నేనటు వెళ్ళింది కూడా చూళ్ళేదు.”

“లెక్క తప్పుతుందని...”

“నీకు నాతో పని లేకుండా చేశాడు వాడు. అంతే.”

“చెయ్యి బాగైతే మీతో పని లేనట్టా? ఏం మాటలండీ ఇవి?”

“ఓ పొడుగమ్మా! నిన్నే!”

“నన్నా, మామ్మా?”

“ఇక్కడ నువ్వు కాక పొడుగ్గా ఇంకెవరున్నారే? ఈ సంచి కాస్త పైన పెట్టు తల్లీ, నాకందదు. మిరపకాయలు. నలగనీకు.”

“ఇలా ఇవ్వు మామ్మా. ఇదిగో, పెట్టా. పడదులే.”

“చల్లగా ఉండు. పక్కనెవరు, తమ్ముడా?”

“మా ఆయన.”

“ఓహో! కాదు మరి, ఈ కళ్ళజోడు పాతదయిందిలే నాయనా, ఏమనుకోకు.”

“ఏమనుకోనులే మామ్మా. విన్నావా సూసన్?”

“విన్నా.”

“నవ్వుతున్నావా?”

“నవ్వు కాదండి.”

“మరి కళ్ళెందుకలా అయినాయి? నొప్పెట్టిందా? సంచి బరువుందా? నన్ను పెట్టమనొచ్చుగా.”

“మీకందదు.”

“సరే. అందదు. ఒప్పుకున్నా. మరెందుకా ఏడుపు?”

“నన్ను పొడుగమ్మా అని ఎవరన్నా పిలిచి పంతొమ్మిదేళ్ళయింది. మా గరికపాడులో అందరూ అలానే పిలిచేవాళ్ళు. పొడుగు సూసన్ని పిలవండి, అటక మీద గంగాళం దించుతుంది అనేవాళ్ళు. మన పెళ్ళి రోజు నుంచి ఆ పేరు పోయింది.”

“ఎందుకు పోయింది?”

“మీకు తెలీదా?”

“నాకేం తెలుసు?”

“పెళ్ళి ఫోటో చూశారా ఎప్పుడన్నా, సరిగ్గా?”

“గోడ మీదే ఉందిగా.”

“అందులో నేనెలా ఉన్నా?”

“సిగ్గుపడుతూ.”

“సిగ్గు కాదు. ఫోటో తీసేముందు మీ అమ్మగారు దగ్గరికొచ్చి ముసుగు సర్దుతూ చెవిలో చెప్పారు. ‘అమ్మాయ్, కాస్త ఒంగు. లేకపోతే మావాడు చిన్నగా పడతాడు’ అని. ఒంగా. చెప్పులు కూడా విప్పేయించారు.”

“అమ్మ ఏదో ఫోటో వరకు అని ఉంటది.”

“ఆవిడ ఫోటో వరకే అంది. నేనే మళ్ళీ లేవలేదు. చర్చికెళ్తే ఒంగా. మీ అక్కయ్య వాళ్ళింట్లో ఒంగా. మీ ఫ్రెండ్స్ వస్తే వంటింటి గుమ్మంలో ఇంకాస్త ఒంగా. ఎంత, రెండంగుళాలు. ఆ రెండంగుళాలు దాచడానికి పంతొమ్మిదేళ్ళు భుజాలు ముందుకి మడుచుకుని తిరిగా.”

“నేనెప్పుడన్నా ఒంగమన్నానా?”

“అనలేదు.”

“మరి?”

“లెమ్మని కూడా అనలేదు.”

“నాకు తెలీదు సూసన్.”

“తెలుసు.”

“మెషీను కుట్టడం వల్ల అనుకున్నా. అందరూ అదే...”

“తెలుసండీ మీకు.”

“తెలుసు.”

“ఆ.”

“తెలుసు. నీకంటే మూడడుగులు ముందు నడిచేది ఎందుకనుకున్నావ్? పక్కపక్కన నడిస్తే కొలుస్తారని.”

“ఆ సంగతి నాకూ తెలుసు.”

“తెలిసి ఎప్పుడూ అడగలేదే?”

“అడిగితే ఒప్పుకునేవారా?”

“లేదు.”

“నవాబుపేట వచ్చింది. వాళ్ళు దిగుతున్నారు, ఆ సీట్లో కూర్చోండి.”

“ముందు నువ్వు కూర్చో. కిటికీ వైపు. ఇవన్నీ వాడికి చెప్పావా?”

“ఎవరికి? కల్యాణ్ గారికా? లేదు. మొదటి రోజే ఆయన అడిగాడు. ‘అమ్మా, మెషీను కుట్టేవాళ్ళు నా దగ్గరికి చాలామంది వస్తారు. మెషీను దగ్గర వంగుతారు, లేస్తే మామూలుగా నుంచుంటారు. మీరు నుంచున్నప్పుడే ఎక్కువ వంగుతున్నారు. ఎవరన్నా లోపలికొస్తే ఇంకా వంగుతున్నారు. ఎందుకమ్మా?’ అన్నాడు.”

“నువ్వేమన్నావ్?”

“ఏడుపొచ్చేసింది.”

“వాడి ముందు ఏడ్చావా?”

“ఆపుకోలేకపోయా.”

“ఇవాళ్టిదాకా నా ముందెప్పుడూ ఏడవలేదు. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా. మీ నాన్న పోయినప్పుడు కూడా వంటింట్లోకెళ్ళి తలుపేసుకున్నావ్. వాడెవడో రెండు మాటలు అడిగితే...”

“ఆ రెండు మాటలు మీరడగలేదు కదా.”

“అదే కదా నా ఏడుపు! నేను అడగాల్సింది వాడడిగాడు. నేను చూడాల్సింది వాడు చూశాడు. ఇవాళ నువ్విలా నిటారుగా కూర్చున్నావంటే అది వాడిచ్చింది. రెండు నెలల్లో ఇచ్చాడు. నేను పంతొమ్మిదేళ్ళలో ఇవ్వలేదు.”

“ఎవరూ ఇవ్వలేదు నాకు.”

“మరి?”

“నేను చేశా. పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై. రబ్బరు బ్యాండు కిటికీ ఊచకి కట్టి వెనక్కి లాగా, చేతులు వణికేదాకా. రెక్కల ఎముకలు రెండూ దగ్గరికి తెచ్చి పది లెక్కపెట్టేదాకా ఆపా. మొదటివారం రాత్రిళ్ళు పక్క మీద తిరగలేకపోయా. కల్యాణ్ గారు చూపించాడు, అంతవరకే. ఎత్తింది నేను. అది ఆయనకెందుకు ఇస్తారు? మీరు కోపంలో ఉండి నా కష్టం తీసుకెళ్ళి ఆయన చేతిలో పెడుతున్నారు.”

“నేనలా అనలేదు.”

“అలానే అన్నారు.”

“అన్నా. తప్పు.”

“ఇంకోసారి అనండి.”

“తప్పు, సూసన్.”

“శుక్రవారం కూడా వస్తారా, టీలు తాగడానికి?”

“రాను. అంటే, నువ్వు రమ్మంటే వస్తా. లోపలికే వస్తా.”

“ఊఁ.”

“ఇంకోటి ఉంది. చెప్పనా?”

“చెప్పండి.”

“కోప్పడకూడదు.”

“ముందు చెప్పండి, కోపం సంగతి తర్వాత.”

“టీకొట్టు దగ్గర నుంచున్నా కదా. మొదట నువ్వు కనపళ్ళేదు. ఆ అద్దం తలుపుకి సగందాకా తెర కట్టారు. ఎండ పడి రంగులు కూడా తెలీట్లా. నీకోసమే వెతుకుతున్నా. లోపల ఒకావిడ అటు తిరిగి, గోడకి చేతులు పెట్టి నుంచుంది.”

“ఎవరావిడ?”

“వీపే కనపడింది. రెండు చేతులూ నెమ్మదిగా పైకి తీసుకెళ్తోంది, మళ్ళీ దించుతోంది. ఆ మెడ, ఆ భుజాలు... మనిషి అలా నుంచోడం నేనెక్కడా చూళ్ళేదు. కళ్ళు తిప్పుకోలేకపోయా. గ్లాసు చేతిలో అట్టానే ఉండిపోయింది.”

“నన్ను కనిపెడదామని వచ్చి, పరాయి ఆడమనిషిని చూస్తా నుంచున్నారా?”

“నువ్వు గుర్తే రాలేదు కాసేపు.”

“అది నాతో చెప్తున్నారు! ఇందాకట్నుంచి నన్ను నిలదీసి! ఎలా ఉంది? బాగుందా? చిన్నపిల్లా?”

“వీపే అన్నా కదా. ఆవిణ్ణి చూస్తా, ఈవిడ మొగుడెవడో అనుకున్నా. ఇలాంటి మనిషి పక్కన రోజూ నడిచేవాడు ఎంత అదృష్టవంతుడో అనుకున్నా. మొహం తెలీని వాడి మీద కుళ్ళుకున్నా, సూసన్. కల్యాణ్ మీద కూడా అంత కుళ్ళుకోలా.”

“ఇక చాలు. జరగండి, నేను వెనక సీట్లోకి వెళ్తా.”

“ఉండు. పూర్తిగా విను.”

“ఏం వినాలి ఇంకా? ఆవిడ పేరా?”

“చేతులు దించి ఇటు తిరిగింది. నువ్వు.”